ఉదయగిరి ముట్టడి మీద ప్రేమకథ: ఏడాదిన్నర సరుకును పదకొండు రాత్రుల్లో తేల్చేశారు

రచయిత్రి పేరు, నవల పేరు రాయడం లేదు. ఆవిడ పుస్తకం వచ్చిందంటే ముందే చెప్పి పెట్టించుకునే పాఠకులు ఎట్లాగూ పోల్చుకుంటారు. కథ 1513-14 నాటిది. ఉదయగిరి కొండ మీద ఒడిశా గజపతుల దుర్గం, కింద కృష్ణదేవరాయల దండు. దుర్గంలో ఒక అధికారి కూతురు, దండులో బండలు కొట్టించి దారి వేయించే ఒక నాయకుడు. నెల్లూరు జిల్లా పాఠకుడికి ఇంతకంటే ఊరించే సరుకు ఉండదు. అయినా చదివిన ప్రతిసారీ ఉసూరుమనిపించే పుస్తకం ఇది.

దెబ్బ తగిలింది ముట్టడిని కుదించిన చోట. పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ రాతల్లో ఈ ముట్టడి ఏడాదిన్నర సాగింది. లోపల 10,000 మంది కాల్బలం, 400 గుర్రాలు. తిండికి మాడిస్తే తప్ప లొంగని కోట అన్నాడు. పైకి ఉన్న ఒక్క దారిలో మనిషి వెనక మనిషి తప్ప పోలేరు, రాయలు పెద్దపెద్ద గుండ్లు పగలగొట్టించి దాన్ని వెడల్పు చేయించాడు అని కూడా రాశాడు. ప్రేమకథ రాసేవాళ్ళకు ఇది వెతికినా దొరకని వరం. పిల్ల పైనుంచి చూస్తుంటే దారి రోజుకింత పెరుగుతూ వస్తుంది. అది పూర్తయితే కోరుకున్నవాడు వస్తాడు, కన్నతండ్రి ఓడిపోతాడు. సుత్తి చప్పుడు ఆగకూడదనీ ఆగాలనీ ఒకే మనసు అనుకోవాలి. నవలలో ఇదంతా పదకొండు రాత్రుల్లో ముగిసిపోతుంది! పదకొండు రాత్రులకు గాదెలు ఖాళీ కావు, గుర్రాలకు మేత కరువు రాదు, ఉప్పు కోసం ఇంటింటికీ తిరగాల్సిన గతి పట్టదు. ఏదీ కరువు లేదు కాబట్టే చివర్లో ఆ అమ్మాయి కోట దిగి వచ్చేస్తే మనకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

తొందర ఎంత దూరం పోయిందంటే, 6వ అధ్యాయంలో నాయకుడు పొద్దుగూకినాక గుర్రమెక్కి నెల్లూరు పోయి, తెల్లారేసరికి ఉదయగిరి తిరిగొస్తాడు. ఇప్పటి రోడ్డు మీదే పోనురాను 200 కిలోమీటర్లకు అటూఇటూ. పైగా ఉదయగిరి పెన్నకు ఉత్తరాన, నెల్లూరు దక్షిణపు గట్టున. నది దాటాల్సిందే, అదీ రెండుసార్లు. కథ జరిగేది కార్తీకంలో, ఈశాన్య రుతుపవనాల వానలకు పెన్న నిండే రోజులు. రాత్రిపూట పుట్టి ఎవరు వేశారు, గుర్రం ఏమైంది? ఒక్క వాక్యం లేదు. ముందు పేజీల్లోని మ్యాపులో ఉదయగిరిని పెన్నకు దక్షిణాన గుర్తించారు, బహుశా అక్కడే మొదలైంది తప్పు. ఈవిడ పాత నవలల్లో బండెడ్లకు ఏ చెరువులో నీళ్ళు పట్టారో కూడా తెలిసేది.

ఇక వంటగది. కోటలో చేపల పులుసు ఘట్టం రెండు పేజీలు, రుచిగానే రాశారు. ఎండుమిరపకారం, టమాటా, వంజరం ముక్కలు. పోర్చుగీసువాళ్ళు గోవా పట్టుకున్నది 1510లో. మిరపకాయ అమెరికా నుంచి వాళ్ళ ఓడల్లో వచ్చిన సరుకు. మూడేళ్ళలో అది ఉదయగిరి కోట వంటింటికి ఎక్కిందంటే నమ్మలేం, టమాటా అయితే ఇంకా చాలా తర్వాతి మాట. ఆనాటి కారమంటే మిరియాలు, అల్లం. పులుపు చింతపండు, మామిడికాయ. మిరియాల పులుసు అని రాసుంటే ఎంత కొత్తగా ఉండేదో! అవన్నీ సర్దుకుందామన్నా, దండు చుట్టుముట్టిన కొండ మీదికి సముద్రపు వంజరం ఎట్లా ఎక్కింది? చెరువు కొరమీను అన్నా సరిపోయేది.

ఇట్లాంటివే ఇంకొన్ని. అమ్మాయి తెల్లవారుజామున కొండ మీది మసీదు గోడ పక్కన నిలబడుతుంది. అక్కడి పారశీక శాసనం ప్రకారం ఆ కట్టడం 1642-43 నాటిది, అబ్దుల్లా కుతుబ్‌షా కాలం. పెళ్ళిచూపుల్లో ఆమె కట్టింది వెంకటగిరి చీర. అప్పటికి ఆ ఊరి పేరు కలిమిలి.

సంభాషణల్లో వరసలు కూడా గల్లంతే. దుర్గాధిపతి బంధువుల ఇంటి పిల్లను శత్రువు దండులోని మనిషి మొదటి మాటకే ‘నువ్వు’ అనేస్తాడు, ఆమె కసురుకోనైనా కసురుకోదు. మీరు నుంచి నువ్వుకు జారే ఆ ఒక్క అడుగులోనే తెలుగు ప్రేమకథ సగం నడుస్తుంది, దాన్ని వదిలేసుకున్నారు.

వారపత్రికకు సీరియల్‌గా రాసి, కలిపి కుట్టేసిన వాలకం పుస్తకమంతా కనిపిస్తుంది. ఆరేడు పేజీలకొకసారి ఎవరో కత్తి ఎత్తుతారు, తర్వాతి అధ్యాయం మొదట్లో అది పిల్లి అని తేలుతుంది. దాసీ ఎవరో, ఆమె కాలు ఎందుకు కుంటో నాలుగుచోట్ల చెప్పారు. పుస్తకంగా వేసేముందు ఎవరైనా కూర్చుని కోసుంటే 60 పేజీలు తగ్గేవి.

బాగున్నది 9వ అధ్యాయం. కోట పడ్డాక గజపతి మేనత్త రాయలకు చిక్కిందని, ఆమెను మర్యాదగా వెంట తీసుకెళ్ళాడని న్యూనిజ్ రాసిన నాలుగు ముక్కల్ని పట్టుకుని పూర్తి మనిషిని నిలబెట్టారు. పల్లకీ ఎక్కేముందు ఆమె తన తాళంచెవుల గుత్తి ఎవరికివ్వాలో తేలక చేత్తో తూకం చూసుకునే చోట పాత రచయిత్రి కనిపిస్తుంది. ఉదయగిరి బాలకృష్ణుణ్ణి హంపికి తరలించే ఏర్పాట్లు కూడా ఇందులోనే. ఆ విగ్రహాన్ని 1515లో అక్కడ ప్రతిష్ఠించారు. ఈ అధ్యాయం విడిగా చదివినా అర్థమవుతుంది. కథంతా ఈమె వైపు నుంచి చెప్పుంటే బాగుండేది.

కొనేవాళ్ళు గట్టి అట్ట ప్రతికి డబ్బు తగలెయ్యొద్దు, లోపల కుట్టు లేదు, జిగురే. మ్యాపు కాగితం విడిగా అంటించారు, ముందు ఊడేది అదే. గ్రంథాలయంలో దొరికితే 9వ అధ్యాయం దాకా పైపైన తిప్పుకుంటూ పోవచ్చు.