ఏడేళ్ల వాడకంలో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్: ముందు రాసిందే చెల్లుతుంది

చీమకుర్తిలోని ఒక గ్రానైట్ కార్యాలయపు సర్వరును ఏడేళ్లుగా ఒంగోలులోని మా ఇంటి నుంచే దూరం నుంచి మరో కంప్యూటర్‌లోకి సురక్షితంగా లాగిన్ అయ్యేందుకు వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా చూసుకుంటున్నాను. బ్లాకుల కొలతలు, కాటా స్లిప్పులు, కూలీల హాజరు అన్నీ అందులోనే ఉంటాయి.

1999లో ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వారు విడుదల చేసిన ఈ సాఫ్ట్‌వేర్ ఇన్నేళ్లలో తనంతట తాను ఒక్కసారి కూడా ఆగలేదు. తిప్పలు పెట్టిందల్లా దాని సెట్టింగులు రాసే కాన్ఫిగ్ ఫైలే. ఒకే సెట్టింగును రెండుచోట్ల రాస్తే చివరిది చెల్లుతుందని అనుకుంటాం. ఇక్కడ మాత్రం చాలా సెట్టింగులకు మొదట కనబడిందే చెల్లుతుంది, రెండోదాన్ని వదిలేశానని అది మాటమాత్రంగానైనా చెప్పదు. 2022లో సర్వరులో ఉబుంటు 22.04 ఆపరేటింగ్ సిస్టమ్ వేసి, కీ (పాస్‌వర్డ్‌కు బదులు వాడే రహస్య ఫైలు) ఉన్నవారికే ప్రవేశం ఉండేలా ప్రధాన ఫైలులో పాస్‌వర్డ్ లాగిన్‌ను ఆపేశాను. మూడు వారాల తర్వాత లాగిన్ ప్రయత్నాలు నమోదయ్యే లాగ్ తెరిస్తే ‘ఫెయిల్డ్ పాస్‌వర్డ్’ అనే వరుసలు పేజీలకు పేజీలు ఉన్నాయి. పాస్‌వర్డ్ ఆగి ఉంటే మామూలుగా ఆ వరుసలు అన్ని పడకూడదు. వెతకగా, ప్రధాన ఫైలు పైభాగంలోనే వేరే ఫైళ్లను ముందుగా చదివించే ఒక ఇన్‌క్లూడ్ వరుస, అది చూపించే ఫోల్డరులో ఇన్‌స్టాలర్ వదిలిపోయిన, 50తో మొదలయ్యే చిన్న ఫైలు, అందులో పాస్‌వర్డ్‌కు అనుమతి కనిపించాయి. ఆ ఫోల్డరులోని ఫైళ్లను పేర్ల వరుసలో చదువుతుంది కనుక, అప్పటి నుంచి నా సెట్టింగులన్నీ అదే ఫోల్డరులో 00తో మొదలయ్యే ఫైలులో రాసుకుంటున్నాను.

సర్వరులో నడిచే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రాం ఎస్‌ఎస్‌హెచ్‌డీకి కమాండులో చిన్న టీ (-t) ఇస్తే రాతలో తప్పులు, సర్వరు కీలలో లోపాలు మాత్రమే పట్టుకుంటుంది. పెద్ద టీ (-T) ఇస్తే నిజంగా అమలయ్యే విలువలన్నీ చూపిస్తుంది. ఈ తేడా నాకు ఎండలో తెలిసింది. ఎవరికి ప్రవేశం ఉందో చెప్పే అలౌయూజర్స్ సెట్టింగులో నా పేరులో ఒక అక్షరం తప్పు రాసి, చిన్న టీ ఏమీ అనలేదన్న ధీమాతో రీస్టార్ట్ చేసి, తెరిచి ఉన్న టెర్మినల్‌ను కూడా మూసేశాను. ఆ మధ్యాహ్నం కర్నూలు రోడ్డులో గ్రానైట్ లారీల వెనకాల బండి మీద వెళ్లి, సర్వరుకు కీబోర్డు తగిలించి ఆ ఒక్క అక్షరం దిద్దాల్సి వచ్చింది. రీస్టార్ట్ చేసినా అప్పటికే తెరిచి ఉన్న సెషన్ తెగిపోదు కనుక, మరో కిటికీలో లాగిన్ అయి చూసేదాకా మొదటిదాన్ని ఇప్పుడు నేను మూయను.

ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ మామూలుగా వాడే పోర్టు (కనెక్షన్ ద్వారపు నంబరు) 22ను మార్చడం వల్ల లాగ్‌లో రొద తగ్గిందే కానీ భద్రత పెరిగిందని చెప్పలేను. 2024 జులైలో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో బయటపడిన పెద్ద భద్రతా లోపం మా వెర్షన్‌లోనూ ఉంది. ఉబుంటు వారి అప్‌డేట్ వేయడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. సాఫ్ట్‌వేర్‌కు ఐదుకు ఐదు ఇస్తాను. రెండోసారి రాసిన సెట్టింగుపై ఒక్క హెచ్చరిక కూడా ఇవ్వనందుకు కాన్ఫిగ్ ఫైలుకు మాత్రం మూడే.