ఎడ్జ్ అప్‌డేట్ అయితే ఎక్స్‌ప్లోరర్ లొసుగులు పోయినట్లేనా?

ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11కు మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న స్వస్తి పలికింది. ఆ తర్వాత 2023 ఫిబ్రవరి 14న మైక్రోసాఫ్ట్ కొత్త బ్రౌజర్ ఎడ్జ్‌కు వచ్చిన ఒక అప్‌డేట్, ఇళ్లలోనూ సాధారణ కార్యాలయాల్లోనూ వాడే విండోస్ 10 కంప్యూటర్లలో ఆ పాత బ్రౌజర్ ఇక తెరుచుకోకుండా చేసింది. డిజిటల్ సంతకపు టోకెన్ (సంతకాన్ని భద్రపరిచే యూఎస్‌బీ పరికరం) పనిచేయాలంటే ఎక్స్‌ప్లోరరే కావాలన్న పోర్టళ్ల కారణంగా ఏళ్ల తరబడి దానిని వదలలేకపోయిన పన్ను సలహాదారులు, టెండర్లు వేసే గుత్తేదారులు, చిన్న కార్యాలయాల గుమాస్తాలు ఇప్పుడు ఎడ్జ్‌లోకి వచ్చేశారు. అది తనంతట తానే అప్‌డేట్ అవుతోంది కాబట్టి పాత భద్రతా లోపాల బెడద వదిలిపోయిందని వారిలో చాలామంది నమ్ముతున్నారు. ఆ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందన్న ఒక్క కోణం నుంచే ఎడ్జ్‌ను ఇక్కడ పరిశీలిస్తున్నాను. వేగం, కోపైలట్ బొత్తం, ప్రకటనల గోల వంటి వాటి జోలికి పోవడం లేదు.

ముందుగా ఎడ్జ్‌కు దక్కవలసిన మార్కులు వేయాలి. 2020 జనవరి 15న విడుదలైన ఇప్పటి ఎడ్జ్, గూగుల్ క్రోమ్‌కు ఆధారమైన క్రోమియం అనే కోడ్ మీదే నిర్మితమైంది. కాబట్టి క్రోమియంలో బయటపడిన లోపానికి సవరణ రాగానే సాధారణంగా కొద్ది రోజుల్లోనే ఎడ్జ్‌కూ అందుతుంది. 2023 సెప్టెంబరులో వెబ్‌పీ చిత్రాలను విప్పే లిబ్‌వెబ్‌పీ అనే కోడ్‌లో బయటపడిన సీవీఈ-2023-4863 (సీవీఈ అంటే భద్రతా లోపానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) దీనికి మంచి ఉదాహరణ. దురుద్దేశంతో తయారు చేసిన ఒక బొమ్మ ఉన్న పేజీని తెరిస్తే చాలు, దాడికి దారి ఏర్పడే లోపం అది. గూగుల్ సెప్టెంబరు 11న క్రోమ్‌ను సరిచేయగా, ఎడ్జ్ కూడా వెంటనే సరిదిద్దుకుంది. ఇక్కడ అప్‌డేట్ పాత లోపాన్ని నిజంగానే తొలగించింది, ఎందుకంటే లోపం ఉన్న కోడ్ బ్రౌజర్‌లోనే ఉంది, కొత్త వెర్షన్ దాని స్థానంలో సరిచేసిన కోడ్‌ను పెట్టింది. అయితే అదే లిబ్‌వెబ్‌పీని తమలో ఇముడ్చుకున్న ఇతర ప్రోగ్రాములకు ఆ మేలు జరగలేదు. వాటిలో ప్రతిదీ విడిగా అప్‌డేట్ కావలసి వచ్చింది. మరొక షరతు కూడా ఉంది: దిగుమతి అయిన అప్‌డేట్ బ్రౌజర్‌ను మూసి తెరిచే వరకు అమలులోకి రాదు. ట్యాబులు పోతాయన్న భయంతో వారాల తరబడి ఎడ్జ్‌ను మూయకుండా కంప్యూటర్‌ను నిద్రపుచ్చేవారు ఆ కాలమంతా పాత వెర్షన్‌నే నడుపుతున్నట్లు లెక్క.

వెర్షన్ సంఖ్య పెరిగినంత మాత్రాన లోపం పోదనడానికి ఎక్స్‌ప్లోరర్ చరిత్రే సాక్ష్యం. 2014 ఏప్రిల్‌లో బయటపడిన సీవీఈ-2014-1776 అనే లోపం ఎక్స్‌ప్లోరర్ 6 నుంచి 11 వరకు అన్ని వెర్షన్లలోనూ ఉంది. మధ్యలో ఐదు సార్లు పెద్ద వెర్షన్ మారినా, పాత కోడ్ వారసత్వంగా వస్తూనే ఉందన్నమాట. అందరికీ రక్షణ కల్పించినది మే 1న వచ్చిన ప్యాచ్, అంటే లోపాన్ని పూడ్చే సవరణ మాత్రమే. అప్పటికే మద్దతు ముగిసిన విండోస్ ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ దానిని ఇవ్వక తప్పలేదు.

ఎడ్జ్ విషయంలో చిక్కు అంతకంటే లోతైనది. ఎక్స్‌ప్లోరర్ అనే ప్రోగ్రాము వేరు, దాని లోపల పేజీని చదివి తెర మీద చూపే ఇంజన్ వేరు. ఎంఎస్‌హెచ్‌టీఎంఎల్ అనే ఆ ఇంజన్ విండోస్‌లో భాగం. పాత సాఫ్ట్‌వేర్ ఎంతో దానిమీద ఆధారపడి ఉన్నందున మైక్రోసాఫ్ట్ దానిని ఇప్పటికీ ఉంచింది. ఎడ్జ్‌ను ఎన్నిసార్లు అప్‌డేట్ చేసినా ఆ ఫైళ్లు మారవు, వాటిని మార్చేది విండోస్ అప్‌డేట్ ఒక్కటే. 2021 సెప్టెంబరులో వెలుగు చూసిన సీవీఈ-2021-40444 దాడులు ఆఫీస్ పత్రాల ద్వారా ఈ ఇంజన్‌నే లక్ష్యంగా చేసుకున్నాయి. బాధితుడు ఏ బ్రౌజర్ వాడుతున్నాడన్న దానితో వాటికి పని లేకపోయింది. 2024 జూలై 9న ప్యాచ్ వచ్చిన సీవీఈ-2024-38112 మరీ విచిత్రం. పీడీఎఫ్‌లా కనిపించే ఒక షార్ట్‌కట్ ఫైలును నొక్కగానే, రెండేళ్ల క్రితమే విశ్రాంతి తీసుకున్న ఎక్స్‌ప్లోరర్ విండోస్ 11లో సైతం లేచి వచ్చి దాడి చేసేవారి పేజీని తెరిచేది. ఆ మరుసటి నెలలోనే, దక్షిణ కొరియాలో ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే ప్రకటనల ప్రోగ్రాము ద్వారా సాగిన దాడికి కారణమైన సీవీఈ-2024-38178ను సరిచేశారు. ఆ ప్రోగ్రాము ప్రకటనలను చూపడానికి పాత ఇంజన్‌నే వాడుకునేది. బాధితులు దేనినీ నొక్కవలసిన అవసరం కూడా లేకపోయింది.

అందుకే ఎడ్జ్ సెట్టింగ్స్‌లోని 'అబౌట్' పేజీ మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. బ్రౌజర్ తాజాగా ఉందని పచ్చటి గుర్తుతో చెప్పే ఆ పేజీ, తాను ఎడ్జ్ గురించి మాత్రమే మాట్లాడుతున్నానని గానీ, విండోస్ అప్‌డేట్‌లు ఆగిపోయి ఉన్నాయని గానీ హెచ్చరించదు. ఇది ఇప్పుడు చిన్న విషయం కాదు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అదనపు భద్రతా అప్‌డేట్ల పథకంలో చేరిన గృహ వినియోగదారులకు మాత్రం 2026 అక్టోబరు 13 వరకు గడువు ఉంది. ఎడ్జ్‌కు మాత్రం విండోస్ 10లో కనీసం 2028 అక్టోబరు వరకు అప్‌డేట్‌లు ఇస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. అంటే ఆ పథకంలో చేరని కంప్యూటర్‌లో బ్రౌజర్ ఏళ్ల తరబడి సరికొత్తగా కనిపిస్తూనే ఉంటుంది, దాని కింద పాత ఇంజన్‌లో కొత్తగా బయటపడే లొసుగులు మాత్రం పూడకుండా మిగిలిపోతాయి. అటువంటి కంప్యూటర్‌లో బ్యాంకు పని చేయమని నేను ఎవరికీ సలహా ఇవ్వను.

ఇక ఐఇ (ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్) మోడ్. పాత పోర్టళ్ల కోసం ఎడ్జ్ ట్యాబులోనే ఎంఎస్‌హెచ్‌టీఎంఎల్ ఇంజన్‌ను నడిపించే ఈ సదుపాయాన్ని కనీసం 2029 వరకు కొనసాగిస్తామని మైక్రోసాఫ్ట్ చెబుతోంది. పని జరగడం వరకే చూస్తే ఇది మెచ్చదగినదే. భద్రత కోణంలో మాత్రం, క్రోమియం ఇచ్చే ఆధునిక రక్షణలను పక్కన పెట్టి పాత లోకంలోకి వెళ్లడమే అవుతుంది. 2025 ఆగస్టులో దాడి చేసేవారు నకిలీ పేజీల ద్వారా వినియోగదారులను నమ్మించి, ఆ పేజీని ఐఇ మోడ్‌లో మళ్లీ తెరిపించి, పేజీలోని ప్రోగ్రాములను నడిపే, ఎక్స్‌ప్లోరర్ కాలపు 'చక్ర' అనే జావాస్క్రిప్ట్ ఇంజన్‌లోని లోపంతో కంప్యూటర్‌ను వశపరచుకున్న సంఘటనలు మైక్రోసాఫ్ట్ దృష్టికి వచ్చాయి. ఎడ్జ్‌ను తాజాగా ఉంచుకున్నంత మాత్రాన అటువంటి దాడి ఆగదు. దాంతో ఐఇ మోడ్‌ను సులభంగా తెరిచే టూల్‌బార్ బొత్తాన్నీ, మెనూ దారులనూ సాధారణ వినియోగదారులకు తొలగించారు. ఇప్పుడు సెట్టింగ్స్‌లోకి వెళ్లి, కావలసిన సైటు చిరునామాను ఒక్కొక్కటిగా చేర్చవలసి ఉంటుంది.

ఈ మార్పు వల్ల పని నెమ్మదించిందని, పైగా చేర్చిన చిరునామా 30 రోజుల తర్వాత దానంతట అదే జాబితా నుంచి తొలగిపోతోందని విసుక్కునేవారు ఉన్నారు. నెలకొకసారి రిటర్ను దాఖలు చేసేవారికి అది చికాకే, కాదనను. అయినా ఆ గడువును నేను ఎడ్జ్‌కు ఉన్న మంచి లక్షణాల్లోనే లెక్కిస్తాను. కార్యాలయంలో ఈ మోడ్ ఎవరికీ అవసరం లేకపోతే సెట్టింగ్స్‌లో దానికి 'డోంట్ అలౌ' (అనుమతించవద్దు) ఎంచుకోవడం ఇంకా మేలు. తప్పనిసరిగా కావలసిన చోట ఆ ఒక్క పోర్టల్ చిరునామానే చేర్చి, పని కాగానే గడువు కోసం ఎదురుచూడకుండా చేత్తోనే తీసివేయవచ్చు. అందుకు పట్టేది అర నిమిషం.