తాతయ్య గుమ్మంతో చేసుకున్న గిటార్, ఐదేళ్ళు వాయించాక

ముందే చెప్పేస్తున్నా, పాత టేకు కాబట్టి సౌండ్ అదిరిపోద్ది అని ఎవరైనా అంటే నమ్మకండి. నాది ఎలక్ట్రిక్ గిటార్, దాంట్లో ముప్పావు వంతు పని తీగల కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే పికప్‌లదీ తీగలదీనూ. ఐదేళ్ళుగా దీన్ని వదలకపోవడానికి కారణం ఒక్కటే, ఒంటికి సరిపోయింది. అంతకుముందు షాపులో కొన్నది 4 కిలోల పైనే ఉండేది, గంట నిలబడి వాయిస్తే ఎడమ భుజం లాగేసేది, కూర్చుంటే దాని అంచు ముంజేతికి ఒత్తుకుని ఎర్రగా గీత పడేది.

నర్సాపురం దగ్గర మా తాతయ్య పెంకుటిల్లు పడగొడుతుంటే వీధి గుమ్మం, ఒక వాసం, విరిగిన పడక్కుర్చీ తెచ్చుకున్నా. గుమ్మం బర్మా టేకు అని ఇంట్లో అందరూ అంటారు, నాకైతే నాటు టేకులానే ఉంది. మా వీధి చివర వడ్రంగి బాబాయ్ చూసి "వాయించేదానికి పనస కదరా, బొబ్బిల్లో వీణ మొత్తం ఒక్క పనస దుంగలోంచే తీస్తారు, గుమ్మంతో ఏం వాయిస్తావ్" అని నవ్వాడు గానీ చిత్రిక, ఉలి పట్టుకోవడం నేర్పింది ఆయనే. క్వీన్ బ్యాండ్ గిటారిస్ట్ బ్రియాన్ మే 1963లో వాళ్ళ నాన్నతో కలిసి పాత ఫైర్‌ప్లేస్ చెక్కతో గిటార్ మెడ చేసుకున్నాడు అని చెప్తే, ఆయనెవరో మనకెందుకు, ముందు మేకులు చూసుకో అన్నాడు.

చూసుకున్నా అనుకున్నా. రంపం మిల్లులో పెట్టగానే టక్‌మని బ్లేడు పళ్ళు రెండు ఎగిరిపోయాయి, లోపల పాతకాలం చదరపు మేకు, తల ఎప్పుడో ఊడిపోయి పైకి కనపడట్లేదు. మిల్లాయన తిట్లు తిన్నా, బ్లేడు డబ్బులూ కట్టా. చెక్క కొనే పని లేదుగా ఫ్రీ అనుకునేవాళ్ళు ఈ ఖర్చు కూడా రాసుకోండి. ఆ మేకు చుట్టూ టేకు నల్లగా సిరా ఒలికినట్టు అయిపోయింది, దాన్ని అలాగే వదిలేశా, ఇప్పుడు సరిగ్గా నా ముంజేయి ఆనే చోట ఉంది.

హాయిగా ఉండటానికి చేసింది పెద్దగా ఏం లేదు. బాడీ మొత్తం టేకుతో నిండుగా చేస్తే అదొక్కటే 3 కిలోలు దాటేది, అందుకే లోపల గదుల్లా తవ్వి పైన అదే చెక్క 6 మి.మీ. పలక మూత వేశా, ఇప్పుడు గిటార్ మొత్తం 3.2 కిలోలు. ముంజేయి దగ్గర అంచు ఏటవాలుగా చెక్కేశా, వెనక పొట్ట ఆనే చోట లోతుగా తీశా. చిన్న వేళ్ళు కాబట్టి స్కేల్ (తీగ మోగే పొడవు) 25.5 అంగుళాలు కాకుండా 24.75 పెట్టుకున్నా. మెడ ముందు మరీ లావుగా చేసేశా, బొటనవేలు మొదట్లో నెప్పి పుట్టేది, రెండో ఏడు ధైర్యం చేసి వెనక 2 మి.మీ. గీకేశా, అసలు హాయి వచ్చింది అప్పుడే.

ఫింగర్‌బోర్డు (మెడ మీద వేళ్ళు నొక్కే పలక) పడక్కుర్చీ చెయ్యితో చేసిందే, ఇరుగుడు. మొదటి చెయ్యి పాడు చేశా. ఒక ఫ్రెట్ (ఆ పలక మీద అడ్డంగా ఉండే లోహపు మెట్టు) నుంచి పక్క ఫ్రెట్‌కి కొలుచుకుంటూ పోయా, ఒక్కోదాంట్లో వెంట్రుకవాసి తేడా కలిసి కలిసి పన్నెండో ఫ్రెట్‌కి వచ్చేసరికి 2 మి.మీ. జరిగిపోయింది, అది తీగ పొడవులో సరిగ్గా సగంలో ఉండాలి, శ్రుతి ఎక్కడ కుదురుతుంది? అన్నీ నట్ (మెడ పై చివర తీగలు ఆనే పట్టీ) దగ్గర్నుంచే కొలవాలి. కుర్చీకి రెండు చేతులుండబట్టి బతికిపోయా.

ఇక వాడకంలో తేలినవి. బాడీకి మూడు ముక్కలు ఫెవికాల్‌తో అతికిస్తే నాలుగు నెలలకే ఒక అతుకు విచ్చుకుంది, టేకులో నూనె ఉంటుంది కాబట్టి ముందు అసిటోన్‌తో తుడవాలట, తుడిచి ఎపాక్సీ పెట్టాక ఇప్పటిదాకా కదల్లేదు. లక్క పాలిష్ వేసినప్పుడు అద్దంలా ఉంది, మా కోస్తా చెమటకి చెయ్యి ఆనే చోట ఏడాదిలో జిగటగా తయారైంది, మొత్తం గీకి ఆయిల్ పట్టించా, అదే మేలు. బాడీ తేలికైపోయేసరికి వదిలేస్తే మెడ కిందకి వాలిపోతోంది, దానికి మెడ చివర తీగలు బిగించే ట్యూనర్లు తేలికవి వేసి, బెల్టు గుండీ చోటు మార్చా, అయినా కొంచెం వాలుతుంది, అలవాటైపోయింది. మొదటి మూడు ఫ్రెట్‌లు అరిగాయి, ఈ ఏడు మార్చాలి. చెక్క మాత్రం అయిదు ఎండాకాలాలు చూసినా వంకర తిరగలేదు, మెడ వంపు సరిచేసే లోపలి కడ్డీ, ట్రస్ రాడ్, తిప్పింది రెండుసార్లే.

పికప్‌లు, ట్యూనర్లు, బ్రిడ్జి, మిల్లు గొడవ అన్నీ కలిపి 14 వేలు దాకా అయ్యింది, ఆ డబ్బుకి షాపులో ఇంతకన్నా నున్నగా మెరిసేది వస్తుంది. మొన్న మూడు గంటలు వాయించి దించాక భుజం సంగతి గుర్తే లేదు, నాకది చాలు. గుమ్మంలో మిగిలిన ముక్క మేడ మీద ఉంది, మా బావమరిది తనకీ ఒకటి చేసిపెట్టమని వెంట పడుతున్నాడు, ముందెళ్ళి మేకులు వెతకడానికి మంచి అయస్కాంతం ఒకటి కొనుక్కు రా అన్నా.