ఆకుపచ్చ చాప మీది కుక్కపిల్లలు: అడ్వాన్సు పంపే ముందు చదవండి

ఆకుపచ్చ ప్లాస్టిక్ చాప, దాని మీద వరుసగా ఐదు లాబ్రడార్ పిల్లలు, వెనకాల సున్నం ఊడిన గోడ. నెల్లూరు చుట్టుపక్కల ఎవరి ఫోనుకైనా ఈ ఫోటో వచ్చి ఉంటే కాస్త ఆగండి. అందులో ఎడమ నుంచి రెండోది ఇప్పుడు నా కాళ్ల దగ్గర పడుకుని ఉంది. పేరు జున్ను. రంగు చూసి మా అబ్బాయి పెట్టాడు. వయసు పద్నాలుగు నెలలు. అందులో ఆసుపత్రి మెట్లు ఎక్కని నెలలు లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్లు చాలు.

నిరుడు సంక్రాంతి సెలవుల్లో కొన్నాం. వచ్చి చూసుకుంటామని అడిగితే, "తల్లి కరుస్తుంది మేడమ్, మీకెందుకు శ్రమ? నేనే అయ్యప్పగుడి సెంటరుకు తెస్తాను" అన్నాడు అమ్మే మనిషి. ధర 14,000. రెండు వేలు ముందుగా ఫోనులో పంపమన్నాడు. ఆ ఖాతాలో ఎవరో ఆడమనిషి పేరుంది. మిగతాది చేతికి నగదు. హైవే పక్కన లారీల రొదలో యాపిల్ పండ్ల అట్టపెట్టె మూత తీయగానే ఆ పిల్ల నా బొటనవేలు నోట్లో పెట్టుకుని చీకడం మొదలుపెట్టింది. ఇక నేను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

మా నాన్నది టంగుటూరు దగ్గర పల్లె. ఒంగోలు గిత్తను కొనాలంటే ఆయన అమ్మేవాళ్ల ఊరికి మూడుసార్లు తిరిగేవారు. నోరు తెరిచి పళ్లు చూసేవారు, సుడులు చూసేవారు, నడిపించి చూసేవారు. తల్లి ఎవరింటి ఆవు, ఎన్ని ఈతలు ఈనింది అని ఊళ్లో నలుగురిని అడిగేవారు. అటువంటి మనిషి కూతురిని, రోడ్డు మీద పెట్టె మూత తీసి చూసి పన్నెండు వేలు లెక్కపెట్టి ఇచ్చాను. నాన్న ఉంటే ఏమనేవారో రాయను.

ఆ సాయంత్రమే కాలివేళ్ల సందుల్లో, చెవుల లోపల పిడుదులు కనిపించాయి. పదకొండు తీశాను. ఫోటో పంపితే "ఒక్క స్నానంతో పోతాయి" అని జవాబు. మర్నాడు డాక్టరుగారు నోరు తెరిచి చూసి, వెనకవైపు పాలపళ్లు ఇంకా పూర్తిగా రాలేదని, ఐదు వారాలకు మించి ఉండదని అన్నారు. మాకు చెప్పింది అరవై రోజులు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని, పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర నమోదు చేయించుకోవాలని 2017లో కేంద్రం తెచ్చిన నిబంధనలు ఉన్నాయట. కొన్న తరవాత తెలుసుకున్నాను.

ఇక టీకా కార్డు. దాని మీద రెండు స్టిక్కర్లు, రెండింటి పక్కనా ఒకే సిరాతో ఒకే చేతిరాత. రెండోది నలభై అయిదో రోజున వేసినట్టు ఉంది. పిల్ల పుట్టి అప్పటికి అన్ని రోజులే కాలేదు! పైగా ఒక స్టిక్కరు మీద అచ్చయిన గడువు తేదీ, టీకా వేసినట్టు రాసిన తేదీకన్నా నాలుగు నెలల ముందే దాటిపోయింది. డాక్టరు పేరు లేదు, రిజిస్ట్రేషన్ నంబరు లేదు, ఒక గీత మాత్రం ఉంది. పార్వో అంటే కుక్కపిల్లల ప్రాణం తీసే వాంతులు, విరేచనాల జబ్బు. దాని టీకాలు మళ్లీ మొదటి నుంచి, పదహారు వారాలు నిండేదాకా వేయించాం. "కేసీఐ కాగితం కావాలంటే ఇంకో ఐదు వేలు" అని కూడా అడిగాడు ఆ మహానుభావుడు. కేసీఐ అంటే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా, జాతి కుక్కల వంశాన్ని నమోదు చేసే సంస్థ. ఆ కాగితం నిజమైనదే అయినా అది వంశం సంగతి చెబుతుంది, ఒంట్లో ఏముందో చెప్పదు.

ఒంట్లో ఏముందో మార్చి నుంచి మాకు తెలుస్తూ వచ్చింది. మొదట జ్వరం. పిడుదుల వల్ల వచ్చే ఎర్లీకియా అన్నారు, డాక్సీసైక్లిన్ ఇరవై ఎనిమిది రోజులు. పెరుగన్నం ముద్దలో మాత్ర పెడితే ముద్ద మింగి మాత్రను మాత్రం శుభ్రంగా నాకి నేల మీద పెట్టేది. కోర్సు అయ్యాక నెల రోజులు గంతులేసింది, నా చెప్పులు మూడు జతలు తినేసింది. మే నెలలో ఒక మధ్యాహ్నం వరండాలో ముక్కు నుంచి రక్తం. ప్లేట్‌లెట్లు 31,000. మళ్లీ మందులు, మళ్లీ గంతులు. ఆగస్టులో మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో వచ్చింది. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు కాగితంలా తెల్లగా ఉన్నాయి. హిమోగ్లోబిన్ 5.

స్లైడు మీద రక్తం చూస్తే ఏమీ దొరకలేదు. నమూనాను చెన్నైకి పంపి పీసీఆర్ పరీక్ష చేయిస్తే అసలు దొంగ బయటపడింది: బేబీసియా గిబ్సోని. ఎర్ర రక్తకణాల్లో దూరి కూర్చునే పరాన్నజీవి. మందులతో అణుగుతుంది కానీ చాలా కుక్కల్లో పూర్తిగా పోదు, ఒంట్లో సత్తువ తగ్గినప్పుడు తిరగబడుతుంది. పిడుదు కాటు వల్లే కాదు, కడుపులో ఉండగానే తల్లి నుంచి కూడా పిల్లకు రావచ్చట. అందుకే ఆ తల్లిని చూడాల్సింది.

జున్నుకు ఆ రోజు రక్తం ఇచ్చింది పక్క వీధి జర్మన్ షెపర్డ్. బల్ల మీద ఒక్కసారి కూడా కదలలేదు. దానికి ఇప్పటికీ మా ఇంట్లో ఆదివారం కోడికూర వండితే వాటా వెళుతుంది, కారం లేకుండా.

ఆసుపత్రి నుంచే అమ్మిన మనిషికి ఫోను చేశాను. అతను రాసిచ్చిన చీటీలో "ఆరోగ్యానికి గ్యారంటీ, సమస్య ఉంటే మార్చి ఇస్తాం" అని ఉంది. సంతకం మాత్రం లేదు. ఏమీ వాదించలేదు. "తెచ్చేయండి మేడమ్, వేరే పిల్లను ఇస్తాను" అన్నాడు. దీన్ని ఏం చేస్తావని అడిగితే "అది మీకెందుకు?" అన్నాడు. ఈ గ్యారంటీ ఇవ్వడానికి అతనికి భయం ఎందుకు లేదో అప్పుడు అర్థమైంది. జబ్బు బయటపడేసరికి పిల్ల మన మంచం కింద పడుకోవడం మొదలుపెట్టి ఉంటుంది. ఎవరు తిరిగి ఇస్తారు? అడగాల్సినవన్నీ దాన్ని చేతుల్లోకి తీసుకోకముందే అడగాలి. ఎత్తుకున్నాక బేరం అతనిదే.

తల్లిని చూపించకపోతే వెనక్కి వచ్చేయండి. కార్డు మీది స్టిక్కరు తేదీలు అక్కడే నిలబడి చదవండి. డబ్బు ఇవ్వకముందే మీకు తెలిసిన డాక్టరు దగ్గర రక్తపరీక్ష చేయించండి. దానికి ఒప్పుకోని మనిషి దగ్గర కొనకండి. మొత్తం సొమ్ము అమ్మేవాడి సొంత పేరున్న ఖాతాకే పంపి, చిరునామాతో రసీదు తీసుకోండి. నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేశాను. జిల్లా కమిషన్‌లో రెండేళ్లలోపు ఫిర్యాదు చేయవచ్చు, ఐదు లక్షల లోపు కొనుగోలుకు రుసుము కూడా లేదు. అయితే ఫిర్యాదు ఎవరి మీద? నా దగ్గర ఉన్నది ఒక ముద్దుపేరు, ఇప్పుడు పలకని ఒక నంబరు.

ఇప్పటికే కొనేసినవారు రోజూ పొద్దున పెదవి ఎత్తి చిగుళ్ల రంగు చూడండి. జ్వరమని మనుషుల మాత్రలు వేయకండి. కుక్కకు పిడుదుల మందు వేసి ఊరుకుంటే చాలదు. ఆడ పిడుదు కిందికి దిగి గోడ పగుళ్లలో వేల గుడ్లు పెడుతుంది. మేము వరండా పగుళ్లన్నీ సిమెంటుతో పూడ్పించాం. అయినా కార్తీకంలో తుపాను వానలు తగ్గాక రెండు కనిపించాయి.

ఖర్చు రాసుకున్న నోటుపుస్తకంలో మొత్తం 61,000 దాటింది. ఈ నెల ప్లేట్‌లెట్లు 1,90,000. జున్ను నిన్న నాలుగో జత మొదలుపెట్టింది.

పోయిన ఆదివారం కావలి నుంచి మా పిన్ని కొడుకు ఒక ఫోటో పంపాడు. "అక్కా, గోల్డెన్ రిట్రీవర్, 22,000, ఇంటికే తెచ్చి ఇస్తారట." అదే చాప, అదే గోడ, కొత్త నంబరు. వెళ్లి తల్లిని చూస్తానని అడగమన్నాను. పది నిమిషాల్లో వాడే ఫోను చేశాడు.

"తల్లి కరుస్తుందట, అక్కా."