ఆ మెగ్నీషియం మాత్రలు కొనకండి, బాక్లోఫెన్ ఆపమంటే వినకండి

ఆ "కండరాల సడలింపు" మెగ్నీషియం ప్రకటన మల్టిపుల్ స్క్లెరోసిస్ (మెదడు, వెన్నుపాము నరాలను దెబ్బతీసే జబ్బు) ఉన్న మీలో చాలామంది చూసే ఉంటారు. నేను కొన్నాను. రాత్రిళ్లు కాళ్లు కర్రల్లా బిగుసుకుపోయి, పక్కకు ఒత్తిగిలాలన్నా మరొకరి చెయ్యి కావలసి వస్తున్న రోజులవి. ఎవరు ఆశ చూపినా నమ్మే స్థితిలో ఉన్నాను.

రోజుకు రెండు మాత్రలు వేసుకోమన్నారు. మూడో రోజుకే విరేచనాలు పట్టుకున్నాయి. ఈ కాళ్లతో మరుగుదొడ్డి దాకా వెళ్లడం ఎంత కష్టమో మీకు చెప్పనక్కర్లేదు. ఒకసారి చేరుకోలేకపోయాను.

ఫోను చేశాను. "మంచిదేనండీ, ఒంట్లో విషాలు పోతున్నాయి. మీరు వాడే బాక్లోఫెన్ ఆపేయండి, మా మాత్రలను పనిచేయనివ్వనిది అదే" అన్నాడు అమ్మినతను. కండరాల బిగుతు తగ్గడానికి నేను వాడే ఆ మందు సంగతి ఆర్డరు ఇచ్చేటప్పుడు నేనే నమ్మి చెప్పాను. బాక్లోఫెన్ ఉన్నట్టుండి ఆపితే బిగుతు మరింతగా తిరగబెడుతుంది, భ్రమలు కలగవచ్చు, మూర్ఛ రావచ్చు. నాకు తెలుసు కాబట్టి ఆపలేదు. నిన్న మొన్న జబ్బు బయటపడినవాళ్లకూ ఇదే చెబుతున్నాడా? నిన్నటి నుంచి ఈ ఆలోచనతో నిద్ర లేదు.

ఆధారం ఏమిటని అడిగితే 2000లో వచ్చిన పరిశోధన ఉందన్నాడు. అది ఒకే ఒక్క రోగి గురించిన నివేదిక. అందులో ఇచ్చింది మెగ్నీషియం గ్లిసరోఫాస్ఫేట్ అనే వేరే రకం. ఆ మాట అనగానే "నమ్మకం లేనివాళ్లకు ఏదీ పనిచేయదు" అని ఫోను పెట్టేశాడు.

అప్పుడు డబ్బా వెనక్కి తిప్పాను. ముందు పెద్ద అక్షరాల్లో మెగ్నీషియం గ్లైసినేట్ అని ఉంది. వెనుక సన్నటి అక్షరాల్లో మాత్రకు 500 మిల్లీగ్రాముల మెగ్నీషియం ఆక్సైడ్! గ్లైసినేట్ చిట్టచివర, ఎంతో కూడా రాయలేదు. ఆక్సైడ్‌లో దాదాపు 60 శాతం మెగ్నీషియమే, అంటే నేను రోజుకు 600 మిల్లీగ్రాములు మింగాను. సప్లిమెంట్ల రూపంలో పెద్దలకు రోజుకు 350 దాటవద్దన్నది అమెరికా ప్రమాణం. పైగా ఆక్సైడ్ ఒంటికి సరిగా పట్టదు, మిగిలింది పేగుల్లోకి నీరు లాగుతుంది. దాన్ని విరేచనాల మందుగానే వాడతారు. కొనేముందే చదవవలసింది. చదవలేదు, ఆ తప్పు నాదే. మూత తీశాను కనుక డబ్బు తిరిగి ఇవ్వరట.

కొనాలనుకుంటే ఏ రకమో, మాత్రలో అసలు మెగ్నీషియం ఎంతో చూడండి. మూత్రపిండాల సమస్య ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా ముట్టుకోవద్దు. ఇప్పటికే అతని మాట విని బాక్లోఫెన్ మానేసినవాళ్లు ఉంటే ఈ రోజే మీ డాక్టరుకు ఫోను చేయండి.