‘ఎవరూ విప్పని’ పైథాన్ రివాల్వర్ కొన్నాను, మీరు జాగ్రత్త

టెక్సాస్‌లో షూటింగ్ రేంజ్‌కి వెళ్లే తెలుగువాళ్లకి నేను ఎవరి గురించి చెబుతున్నానో ఈపాటికే అర్థమై ఉంటుంది. మనమంతా ‘అన్న’ అని పిలుచుకునే పాత కోల్ట్ తుపాకుల కలెక్టరు. ఆయన దగ్గరే 2800 డాలర్లు పోసి 6 అంగుళాల బ్యారెల్ ఉన్న కోల్ట్ పైథాన్ కొన్నాను. 2020లో మళ్లీ వచ్చిన మోడల్ కాదు, 70ల నాటి సరుకు. ఆ రాయల్ బ్లూ పాలిష్‌లో మొహం చూసుకోవచ్చు. చూసుకున్నాను, బాగానే!

హామర్ మెల్లగా లాగి చూస్తానంటే చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దు తమ్ముడూ, సిలిండర్ మీద గీత పడుతుంది. సైడ్ ప్లేట్ ఇంతవరకు ఎవరూ విప్పని పీసు ఇది." గీత ఎప్పుడో పడింది మహానుభావా, చుట్టూ వడ్డాణంలా మెరుస్తోంది.

రేంజ్‌లో .38 గుళ్లే వేశాను. పక్క లేన్ ఆయన చెంప తడుముకుంటూ వచ్చాడు, ఏదో చురుక్కుమందని. సీసం తునక. అక్కడితో ఆపేసి గన్‌స్మిత్‌కి చూపించాను. ఖాళీ చేసి హామర్ నెమ్మదిగా లాగితే, సిలిండర్‌లో గుళ్లు పెట్టే 6 గదుల్లో రెండింటి దగ్గర హామర్ పూర్తిగా వెనక్కొచ్చి ఆగినా సిలిండర్ లాక్ కాలేదు. వేలితో కాస్త తోస్తే అప్పుడు టిక్కుమంది. అంటే గది బ్యారెల్‌కి సరిగ్గా ఎదురు రాకుండానే పేలుతోంది, టైమింగ్ పోయిందన్నమాట. గుండు అంచుకి గీసుకుని సీసం పక్కకి చిమ్ముతోంది. ఇంకా బలమైన .357 మాగ్నమ్ గుళ్లు వేసుంటే ఏమయ్యేదో!

లోపలి మెకానిజం మీద మూతలా ఉండే ఆ సైడ్ ప్లేట్ విప్పితే, సిలిండర్‌ని తిప్పే ‘హ్యాండ్’ మీద సుత్తి దెబ్బలు! అరిగిన హ్యాండ్‌ని కొట్టి సాగదీయడం పాత కోల్ట్‌లకి చేసే వైద్యమేనట. కానీ దీన్ని ఇక సాగదీయలేనన్నాడు. కొత్తది వెయ్యాలి. ఆ పార్టు దొరకడం కష్టం, దొరికినా ఫైలు పట్టి కుదర్చగలిగేవాళ్లు ఇంకా తక్కువ.

అన్నకి ఫోన్ చేశాను. "టైమింగ్..." అన్నానో లేదో,

"మళ్లీ పోయిందా? పోయినేడాదే చేయించానే!"

మళ్లీ అట! ఎవరూ విప్పని పీసుకి ‘మళ్లీ’ ఎక్కడిది? నోరు జారానని ఆయనకీ తెలిసింది, కాసేపు చప్పుడు లేదు. తర్వాత గొంతు మారింది. "కాల్చుకోవాలంటే కొత్తది కొనుక్కోవాలి తమ్ముడూ, ఇది బీరువాలో పెట్టుకునేది," అని పెట్టేశాడు. పాత తుపాకీకి రోగం ఉండటం వింత కాదు. చెప్పి అమ్మితే తగ్గించి ఇచ్చినా తీసుకునేవాణ్ణి. వైద్యం చేయించి, కన్యాశుల్కం పెంచి అంటగట్టడమే ఒళ్లు మండిస్తోంది.

నిన్న గ్రూపులో డిటెక్టివ్ స్పెషల్ అనే ఇంకో కోల్ట్ రివాల్వర్ ఫోటో పెట్టాడు, అదీ ‘ముట్టుకోని పీసే’నట. లోపల అదే రకం పాత కోల్ట్ మెకానిజం. అడ్వాన్స్ ఇచ్చినవాళ్లు ముందు ఖాళీగా ఉందో లేదో చూసుకుని, ఒక్కో గది దగ్గర హామర్ మెల్లగా లాగండి. సైడ్ ప్లేట్ స్క్రూల గాట్లు చెదిరి ఉన్నాయేమో చూడండి. చెయ్యి అడ్డం పెడితే అడ్వాన్స్ వెనక్కి అడిగెయ్యండి.