టాక్సికాలజిక్ పాథాలజీకి దారి: వెంటనే ఉద్యోగమా, పీహెచ్‌డీనా, అమెరికా రెసిడెన్సీనా – ఏది మేలు?

ఎం.వి.ఎస్సీ. (వెటర్నరీ పీజీ) థీసిస్‌లు సబ్మిట్ చేసే రోజులు వచ్చాయంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. రాజేంద్రనగర్ నుంచో, తిరుపతి నుంచో, గన్నవరం నుంచో పాథాలజీ చదివిన జూనియర్ ఎవరో ఒకరు చేస్తారు. "అక్కా, జీనోమ్ వ్యాలీలో ఒక సీఆర్‌ఓ (కంపెనీల తరఫున పరీక్షలు చేసిపెట్టే సంస్థ) నుంచి ఆఫర్ వచ్చింది. మా గైడ్ సార్ పీహెచ్‌డీ చెయ్యమంటున్నారు. క్లాస్‌మేట్ అమెరికా రెసిడెన్సీకి (అక్కడి యూనివర్సిటీల్లో స్పెషలిస్టు శిక్షణకు) అప్లై చేస్తున్నాడు. ఇంట్లోనేమో వీఏఎస్ (ప్రభుత్వ పశువైద్యుల ఉద్యోగం) నోటిఫికేషన్ పడేదాకా ఆగమంటున్నారు. ఏం చెయ్యను?" ఫోన్‌లో పది నిమిషాల్లో తేలే విషయం కాదు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

కొత్త మందైనా పురుగుమందైనా మనుషుల దాకా వచ్చే ముందు ఎలుకల్లో, కుక్కల్లో పరీక్షిస్తారని మీకు తెలుసు. ఆ జంతువుల అవయవాలను మైక్రోస్కోప్ కింద చూసి, కనబడిన మార్పు మందు వల్ల వచ్చిందా, ఆ జాతికి మామూలుగా వచ్చేదేనా, నెక్రాప్సీలో (జంతువుల పోస్ట్‌మార్టంలో) మన చేతులు చేసిన పొరపాటా అని తేల్చేవాళ్లమే టాక్సికాలజిక్ పాథాలజిస్టులం. ఓఈసీడీ అనే దేశాల కూటమి ఇచ్చిన 408వ గైడ్‌లైన్ ప్రకారం 90 రోజుల స్టడీ తీసుకోండి. ఒక కంట్రోల్ గ్రూపు, మూడు డోసు గ్రూపులు, గ్రూపుకు 10 మగవి, 10 ఆడవి. మొత్తం 80 ఎలుకలు. ఒక్కో ఎలుక నుంచి దాదాపు 40 రకాల కణజాలాలు. కంట్రోల్, హై డోసు గ్రూపులు పూర్తిగా చదవాలి కాబట్టి అక్కడికే సుమారు 1,600 కణజాలాలు. ఇది చిన్న స్టడీ. రెండేళ్ల క్యాన్సర్ స్టడీలో 400 ఎలుకలుంటాయి.

ఇన్ని చూశాక మీరు సంతకం పెట్టిన రిపోర్టే జీఎల్‌పీ (ల్యాబ్ పనికి ఉండే నాణ్యతా నిబంధనలు) లెక్కలో రా డేటా, అంటే మూల ఆధారం. ఆ సంతకానికి మిమ్మల్ని ఎవరు ఎలా తయారు చేస్తారన్నదే అసలు ప్రశ్న.

నేను చేరిన మొదటి నెలలో జరిగింది చెప్తాను. హై డోసు ఎలుకల మెదడు స్లైడ్లలో ముడుచుకుపోయిన, ముదురు రంగు న్యూరాన్లు కనబడ్డాయి. న్యూరాన్ల నెక్రోసిస్ (కణాలు చచ్చిపోవడం) అని రాసేశాను. పెద్ద విషయం పట్టుకున్నానని గుండె దడదడలాడింది. మా సీనియర్ సార్ ఇద్దరు ఒకేసారి చూసే డబుల్ హెడ్ మైక్రోస్కోప్ దగ్గర కూర్చోబెట్టి, "అమ్మా, ఇవి ఎర్రగా ఉన్నాయా, నీలంగా ఉన్నాయా?" అని అడిగారు. నీలంగానే ఉన్నాయి. చచ్చిన న్యూరాన్ సైటోప్లాజం ఎర్రబడుతుంది. "కంట్రోల్స్ చూశావా?" చూడలేదు. తీసి పెట్టారు. అక్కడా అవే. ఫార్మలిన్ (కణజాలం పాడవకుండా ఉంచే ద్రావణం) పట్టకముందే మెదడును వేళ్లతో నొక్కితే వచ్చే డార్క్ న్యూరాన్లు అవి. నా రాత అలాగే బయటికి వెళ్లి ఉంటే ఒక మంచి మందు మీద నరాలకు విషమన్న ముద్ర పడేది. సార్ కోప్పడలేదు. నన్ను నెక్రాప్సీ గదికి తీసుకెళ్లి, మెదడు ఎలా తీస్తున్నారో దగ్గరుండి చూపించారు.

రెండో ఉద్యోగం దీనికి పూర్తిగా ఎదురు. జీతం బాగా పెరిగింది కానీ నా పైన పాథాలజిస్ట్ ఎవరూ లేరు. ఒక స్టడీలో లివర్ సెంట్రిలోబ్యులర్ హైపర్‌ట్రోఫీలో (లివర్ కణాలు ఉబ్బడంలో) సోమవారం మినిమల్ అని గ్రేడ్ ఇచ్చిన మార్పుకే గురువారం మైల్డ్ ఇచ్చాను. నాలుగు రోజుల్లో నా కొలత జారిపోయిందని నాకే తెలియలేదు. స్పాన్సర్ (స్టడీ చేయించే కంపెనీ) తరఫున పీర్ రివ్యూ చేసినాయన, అంటే నా స్లైడ్లను తిరిగి చూసిన ఇంకో పాథాలజిస్ట్ పట్టుకున్నారు. లివర్లన్నీ మొదటినుంచి చదవాల్సి వచ్చింది. ఆ వారం టెన్షన్‌తో నిద్ర లేదు. అందుకే ఎవరు ఏ దారి గురించి అడిగినా నేను మొదట అడిగేది ఒక్కటే: అవతలి ఐపీస్ దగ్గర ఎవరు కూర్చుంటారు?

ఇప్పుడు సీఆర్‌ఓ ఉద్యోగాన్నీ పీహెచ్‌డీనీ పక్కపక్కన పెట్టి చూద్దాం. ఎక్కువమంది నలిగేది ఈ రెంటి మధ్యే.

సీఆర్‌ఓలో దొరికేది సంఖ్య. మగ ఎలుక కిడ్నీలో క్రానిక్ ప్రోగ్రెసివ్ నెఫ్రోపతీ (వయసుతో వచ్చే కిడ్నీ జబ్బు) ఎంత మామూలో పుస్తకం చెప్తుంది. కానీ మందు దాన్ని పెంచిందో లేదో తేల్చే కన్ను వందల కంట్రోల్ కిడ్నీలు చూస్తేనే వస్తుంది. ఏది మామూలో తెలియకుండా ఏది మార్పో తెలియదు. ఆ మామూలు యూనివర్సిటీలో అంతగా దొరకదు. జీఎల్‌పీ క్రమశిక్షణ కూడా ఇక్కడే ఒంటబడుతుంది. మన దేశంలో దీన్ని చూసే ప్రభుత్వ సంస్థ ఎన్‌జీసీఎంఏ 2002లో మొదలైంది. 2011లో మనకు ఓఈసీడీ డేటా పరస్పర అంగీకారంలో పూర్తి స్థానం దొరికింది. అంటే హైదరాబాద్‌లో మీరు సంతకం చేసిన జీఎల్‌పీ స్టడీని ఇక్కడ చేశారన్న కారణంతో ఆ ఒప్పందంలోని దేశాలు పక్కన పెట్టలేవు. పైగా మొదటి నెల నుంచే జీతం. ఇంటి బాధ్యతలు ఉన్నవాళ్లకు ఇది చిన్న విషయం కాదు, దాన్ని చెప్పుకోవడానికి సిగ్గుపడొద్దు.

నష్టాలూ ఉన్నాయి. కొన్ని చోట్ల రెండేళ్లు నెక్రాప్సీ, ట్రిమ్మింగ్‌లోనే (అవయవాలను స్లైడ్ల కోసం కోయడంలోనే) ఉంచేస్తారు. ఆరు నెలలు ఆ పని చెయ్యాల్సిందే. టెస్టిస్‌ను మామూలు ఫార్మలిన్‌లో వేస్తే ఎలా పాడవుతుందో, మాడిఫైడ్ డేవిడ్‌సన్ ద్రావణం ఎందుకు వాడతారో అక్కడే తెలుస్తుంది. కానీ ఏడాది దాటినా స్లైడ్ చేతికి ఇవ్వకపోతే అది ట్రైనింగ్ కాదు. ఇంకో ప్రమాదం, డెడ్‌లైన్ల మధ్య చదువు ఆగిపోవడం. మార్పును గుర్తుపట్టడం వస్తుంది, అది ఎందుకు వచ్చిందో ఆలోచించే అలవాటు పోతుంది.

పీహెచ్‌డీ ఇచ్చేది ఆ ఎందుకు. ఒకే ప్రశ్నతో మూడు నాలుగేళ్లు కూర్చోవడం, పేపర్ రాయడం, పదిమంది ముందు నిలబడి వాదించడం వస్తాయి. డిపార్ట్‌మెంట్‌కు వచ్చే పోస్ట్‌మార్టాల్లో గేదె, కోడి, కుక్క, ఒక్కోసారి జూ జంతువు కూడా చూస్తారు. ఈ వెడల్పు సీఆర్‌ఓలో రాదు. తర్వాత పెద్ద ఫార్మా కంపెనీల్లో డిస్కవరీ వైపు, రెగ్యులేటరీ వైపు వెళ్లాలంటే పీహెచ్‌డీ బాగా పనికొస్తుంది.

అయితే గైడ్ సార్లకు గౌరవంతోనే ఒక మాట. గ్రూపుకు ఆరు ఎలుకల చొప్పున ఒక లోహం ఇచ్చి, ఒక మూలిక దాని విషాన్ని తగ్గించిందని చూపే థీసిస్‌లు మన దగ్గర చాలా వస్తున్నాయి. అది చేసినంత మాత్రాన టాక్సికాలజిక్ పాథాలజిస్ట్ అయిపోరు. పీహెచ్‌డీ చేస్తే ప్రశ్న బలంగా ఉన్నచోట చెయ్యండి. ఇజ్జత్‌నగర్‌లో ఐవీఆర్‌ఐ (భారత పశువైద్య పరిశోధన సంస్థ) ఉంది, హైదరాబాద్‌లోనే జాతీయ పోషకాహార సంస్థ, ఐఐసీటీ (భారత రసాయన సాంకేతిక సంస్థ) ఉన్నాయి. వాటితో కలిసి పనిచేసే గైడ్ దొరికితే అదృష్టం.

అమెరికా రెసిడెన్సీ సంగతి. శిక్షణగా చూస్తే ఇదే అన్నిటికన్నా మేలు, అందులో నాకు అనుమానం లేదు. మూడేళ్ల పాటు రోజూ కేసులు, రోజూ ఎవరో ఒక డిప్లొమేట్ (బోర్డు పరీక్ష పాసైన పాథాలజిస్ట్) మీ పక్కన కూర్చుని మీ వర్ణనను వాక్యం వాక్యం దిద్దడం. ఆ తర్వాత ఏసీవీపీ (అమెరికన్ కాలేజ్ ఆఫ్ వెటర్నరీ పాథాలజిస్ట్స్) బోర్డు పరీక్ష రెండు దశల్లో ఉంటుంది. అక్కడి కంపెనీల ప్రకటనల్లో ఎక్కువగా అడిగేది ఆ బోర్డునే. యూరప్‌లో ఈసీవీపీ, బ్రిటన్‌లో ఎఫ్‌ఆర్‌సీపాథ్ ఇలాంటివే. ఇక్కడే ఉండేవాళ్లకు ఇండియన్ కాలేజ్ ఆఫ్ వెటర్నరీ పాథాలజిస్ట్స్ పరీక్ష ఉంది, దాన్ని చిన్నచూపు చూడకండి.

కానీ సీట్లు చాలా తక్కువ, ఒక్కో యూనివర్సిటీ ఏడాదికి ఒకరిద్దరినే తీసుకుంటుంది. కొన్నిచోట్ల మన వెటర్నరీ డిగ్రీ అక్కడి డిగ్రీకి సమానమని చెప్పే ఈసీఎఫ్‌వీజీ లేదా పేవ్ సర్టిఫికెట్ కావాలి, దానికి డబ్బు, సమయం రెండూ పోతాయి. వీసా సంగతి వేరే చెప్పక్కర్లేదు. థీసిస్ అయ్యాక ఆలోచన మొదలుపెడితే ఆలస్యమైనట్టే. ఎం.వి.ఎస్సీ. మొదటి ఏడాదిలోనే మొదలుపెట్టి, మీతో కలిసి స్లైడ్లు చదివినవాళ్ల దగ్గర సిఫారసు లేఖ తీసుకోగలిగితేనే నేరుగా ఈ దారి పట్టండి. మీ మార్కులు మాత్రమే తెలిసిన హెచ్‌ఓడీ రాసే లేఖకు అక్కడ బరువు తక్కువ.

వీఏఎస్ మంచి ఉద్యోగం. పల్లెల్లో ఆ డాక్టర్ లేకపోతే ఎన్ని ఇళ్ల పాడి ఆగిపోతుందో నాకు తెలుసు. అయితే ఐదేళ్లు మైక్రోస్కోప్‌కు దూరమైతే తిరిగి రావడం కష్టం. మనసు స్లైడ్ల మీద ఉంటే నోటిఫికేషన్ కోసం ఖాళీగా ఆగొద్దు.

నన్ను ఒక్కటి చెప్పమంటే, ఎక్కువమందికి నా సలహా ఇది. సీనియర్ పాథాలజిస్ట్ ఉన్న సీఆర్‌ఓలో రెండేళ్లు చెయ్యండి. ఆ రెండేళ్లలో ఏదో ఒక అవయవం మిమ్మల్ని వదలకుండా పట్టుకుంటుంది. ఆ ప్రశ్నతో పీహెచ్‌డీకి వెళ్లండి, లేదా ఆ అనుభవంతో రెసిడెన్సీకి అప్లై చెయ్యండి. పాఠాలు చెప్పాలని, పరిశోధనే చెయ్యాలని ముందే గట్టిగా అనుకున్నవాళ్లు మాత్రం నేరుగా పీహెచ్‌డీకే వెళ్లాలి.

"జంతు పరీక్షలే ఆగిపోతాయట కదక్కా" అని కూడా అడుగుతున్నారు. 2022 డిసెంబర్‌లో అమెరికా, కొత్త మందులకు జంతు పరీక్షలు తప్పనిసరి అన్న చట్టాన్ని మార్చింది, 2023లో మన నిబంధనలూ ఇతర పద్ధతులకు తలుపు తీశాయి. జంతువుల సంఖ్య తగ్గితే నాకు సంతోషమే. చిప్ మీద పెంచిన లివర్ ముక్కలోనైనా కణం దెబ్బతిందా, సర్దుకుందా అని ఎవరో ఒకరు చెప్పాలి. డిజిటల్ స్లైడ్లు చదవడం, ఏఐ గుర్తించిన మచ్చను సరిచూడటం మాత్రం ఇప్పుడే నేర్చుకోండి.

ఏ దారైనా, గురువు ఒకే భవనంలో ఉండాలని లేదు. అమెరికా జాయింట్ పాథాలజీ సెంటర్ వాళ్ల వెడ్నెస్‌డే స్లైడ్ కాన్ఫరెన్స్ కేసులు ఉచితంగా దొరుకుతాయి. అమెరికా నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రామ్ (ఎన్‌టీపీ) వాళ్ల లీజన్ అట్లాస్ కూడా ఉచితమే. వారానికి ఒక కేసు తీసుకుని, జవాబు చూడకముందే మీ వర్ణన కాగితం మీద రాయండి. ఆ కాగితాన్ని సీనియర్లకు పంపి దిద్దమని అడగండి. కెరీర్ గైడెన్స్ కావాలి అని పంపిన మెసేజ్‌కు ఏం జవాబివ్వాలో మాకు తోచదు. ఒక కేసు పంపి, దీన్ని నెక్రోసిస్ అనాలా, ఆటోలైసిస్ (జంతువు చచ్చాక కణజాలం తనంతట పాడవడం) అనాలా అని అడిగితే రాత్రి పదకొండింటికైనా జవాబిస్తాం.

ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు జీతం కన్నా ముందు ఇవి అడగండి: ఇక్కడ పాథాలజిస్టులు ఎంతమంది? నాకు మొదటి స్లైడ్ ఎన్నో నెలలో ఇస్తారు? నేను చదివిన స్టడీని పీర్ రివ్యూ ఎవరు చేస్తారు? ఆ తర్వాత, మైక్రోస్కోపులున్న గది ఒకసారి చూపించమనండి. డబుల్ హెడ్ మైక్రోస్కోప్ ఉందా, దాని రెండో వైపు కుర్చీ వేసి ఉందా చూడండి.